ఎవరి మూర

కుడికాలి బూటు ఆమె తనే తొడుక్కుంది. ఎడమకాలి దగ్గరికొచ్చేసరికి నడుం రోజూలాగే మొరాయించింది. మంచం అంచున నిటారుగా కూచుని, చేతులు రెండూ పరుపుమీద ఆన్చి, తలుపు వైపు చూసింది. పిలవాల్సిన పనిలేదు. నాలుగు నెలలుగా ఆ ఇంట్లో పొద్దున ఆరుంపావుకి జరిగే పని అదే. తాళాలు బాగుచేసే ఆమె భర్త చేతిలోని ఆకురాయి పక్కన పెట్టి వచ్చి నేలమీద చతికిలబడ్డాడు. ఆమె ఎడమ పాదాన్ని తన మోకాలి మీద పెట్టుకుని, మడమ కింద రెండు వేళ్ళుంచి, రబ్బరు బూటులోకి మెల్లగా జార్చాడు. మొండి తాళంలో చెవి తిప్పేటప్పుడు ఆయన వేళ్ళు ఎంత ఓపిగ్గా ఉంటాయో ఇప్పుడూ అంతే.

“నేల నాకు దగ్గర. పొట్టివాణ్ణి చేసుకున్నందుకు ఇన్నాళ్ళకి నీకొక లాభం కనబడింది,” అన్నాడు.

“చాల్లెండి సంబడం. చెయ్యివ్వండి, లేస్తాను.”

లేవడానికీ ఒక పద్ధతుంది. ముందు అంచుకి జరగాలి. ఎడమకాలు కాస్త వెనక్కి పెట్టాలి. ఊపిరి వదులుతూ తొడల బలంతో లేవాలి. ఆస్పత్రిలో కసరత్తులు చెప్పే అమ్మాయి నేర్పిన పాఠమది. లేచి నిలబడితే ఆమె తల ద్వారబంధం పైకమ్మీకి నాలుగు వేళ్ళ కిందికి వస్తుంది. ఆయన తల ఆమె భుజం దగ్గరే ఆగిపోతుంది.

“ఇవాళే కదూ చెప్పాల్సింది?”

“ఇవాళే. నాలుగింటిలోగా.”

“ఏం చెబుతావు?”

“చూస్తాను.”

“ఆపరేషన్ చేయించుకుంటావా, పక్కన కూచుంటాను. వద్దంటావా, బూటు తొడుగుతుంటాను. నాకు రెండూ ఒకటే, తేడా పడేది నీకు. అందుకని నీకోసం చూసుకో. ఇంకెవరికోసమో చూడకు.”

ఆ చివరిమాట ఆయన ఊరికే అనలేదు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆమె సంగతి ఆయనకు తెలిసినంతగా ఆమెకే తెలియదు.

ఆమె పదమూడో ఏట తాడిలా సాగడం మొదలుపెట్టింది. అటక మీది డబ్బాలు దించడానికి ఇంట్లో ముక్కాలిపీట అక్కర్లేకపోయింది గానీ, తల్లికి మాత్రం బెంగ పట్టుకుంది. “కాస్త వంగి నడవవే, నీ పక్కన నిలబడ్డవాళ్ళు చిన్నబోతారు,” అనేది. ఆవిడ ఏదో యథాలాపంగా అన్నది. కానీ పిల్లలకి మనం పదిసార్లు చెప్పినవి ఎక్కవు, ఊరికే అన్నవి మేకుల్లా దిగిపోతాయి. బళ్ళో ఫోటో తీస్తుంటే ఆమె వెనక వరసలో మోకాళ్ళు వంచి నిలబడింది. పెళ్ళినాడు చెప్పులు విడిచేసి, మెడ దించుకుని నిలబడితే, చూసినవాళ్ళంతా పిల్లకెంత సిగ్గో అని మెచ్చుకున్నారు. సిగ్గేం కాదు. పక్కనున్న మనిషి చిన్నబోతాడేమోనని. ఆ మర్నాడే ఆయన, “నేనెలాగూ పెరగను, నువ్వెందుకు తరగడం?” అన్నాడు. ఆమె కిలకిలా నవ్వింది. వంగడం మాత్రం మానలేదు. అలవాటనేది కొత్త చెప్పులాంటిది మరి, కరిచినన్నాళ్ళు కరిచి, ఆ తర్వాత కాల్లో కలిసిపోతుంది.

పనిచోటు ఇంటికి పావుగంట నడక. నడిస్తే ఆమెకు హాయిగానే ఉంటుంది. కూచుంటేనే కష్టం, వంగితే ఇంకా కష్టం. ఆస్పత్రి వెనకవైపు, బాయిలరు గదికి ఆనుకుని లాండ్రీ ఉంది. తలుపు తీయగానే తడి నూలు కాలిన వాసన ముఖాన కొడుతుంది. మూడు పెద్ద మెషీన్లు, రెండు ఆరబెట్టేవి, దుప్పట్లు ఇస్త్రీ చేసే పొడవాటి రోలరు. ఆ చివర గోడవారగా మడతల బల్ల. నలుగురు మనుషులు పడుకోగలిగినంత చెక్కబల్ల అది. మీద మందపాటి గుడ్డ పరిచి, అంచులకి మేకులు కొట్టి ఉంటుంది. ఇరవై ఆరేళ్ళుగా ఆమె చోటు దానికి ఎడమవైపు. కుడివైపు చోటు గుండీది.

గుండీ అంటే అసలు పేరు కాదు. మనిషి పొట్టిగా, గుండ్రంగా, చొక్కాకి కుట్టిన గుండీలా ఉంటుందని ఎవరో అన్నారు, ఆ పేరే స్థిరపడిపోయింది. ఈమెను నిచ్చెనక్క అంటారు. వాళ్ళిద్దరూ పక్కపక్కన నడుస్తుంటే వార్డుల్లో మంచాల మీదున్న రోగులు కూడా లేచి కూచుని నవ్వేవాళ్ళు. గుండీ నోరు మూతపడింది లేదు. దుప్పటి మీద మరక కనబడితే చాలు, దాని పుట్టుపూర్వోత్తరాలు కల్పించి చెప్పేది. “ఇది మందు మరక కాదక్కా, చూడు, మందు తాగినట్టు నటించి దిండు కింద పోశాడు మహానుభావుడు.” గుండీ రెండు నిమిషాలు మాట్లాడకపోతే జ్వరమేమోనని ఒంటిమీద చెయ్యివేసి చూసేవాళ్ళు.

దుప్పటి మడవడం ఒక్కరి పని కాదు. చెరో రెండు కొసలూ పట్టుకుని, వెనక్కి నాలుగడుగులు వేసి, గాలి నిండేలా ఒక్క జాడింపు జాడించాలి. సగానికి మడిచి, మళ్ళీ నాలుగడుగులు ముందుకొచ్చి, ఒకరి కొసలు ఇంకొకరి చేతిలో పెట్టాలి. తర్వాత బల్లమీద పరిచి, అరచేత్తో గాలి బయటికి తోసి, ఇంకో మూడు మడతలు పెట్టి, దొంతరలో చేర్చాలి. ముందుకీ వెనక్కీ నడిచే పని కనక పొట్టివాళ్ళు పీటెక్కి చేయడానికి కుదరదు. ఆ నాలుగడుగుల్లో ఇరవై ఆరేళ్ళు వాళ్ళిద్దరూ ఎన్నిసార్లు ఎదురెదురుగా వచ్చి చేతులు కలుపుకున్నారో, ఆ దుప్పట్లకే తెలియాలి.

ఆ బల్లకో కథ ఉంది. లాండ్రీ బాగుచేయించిన ఏడాది పాత ఇనపబల్ల తీసేసి చెక్కది చేయించారు. ఎత్తు ‘రెండు మూరలు’ అని అప్పటి సూపర్వైజరు కాగితం మీద రాసిచ్చాడు. పాతకాలం మనిషి, అన్నీ మూరల్లోనూ జానల్లోనూ చెప్పేవాడు. వచ్చిన వడ్రంగి టేపు మరిచిపోయాడో, అసలు లేనేలేదో గానీ, “మూరే కదా, చెయ్యి ఇలా ఇవ్వమ్మా,” అని ఎదురుగా నిలబడ్డ ఈమె చెయ్యి పట్టుకోబోయాడు. మూరంటే మోచేతి నుంచి నడివేలి కొసదాకా. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. గుండీ అప్పటికి వారం రోజుల కొత్త. చెయ్యి అందడం లేదని అంతకుముందు రెండుచోట్ల పనికి వద్దనిపించుకున్న మనిషి. ఈమె ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ముందుకు తోసింది.

“ఈవిడది కొలువన్నా. నాదేముంది, ఎంతున్నా సరిపోతుంది.”

వడ్రంగి గుండీ మూరతో రెండు మూరలు కొలిచి కోసేశాడు. కాగితం మీద రాసింది రెండు మూరలే, బల్లా రెండు మూరలే. ఎవరూ తప్పు పట్టడానికి లేదు. కానీ ఎవరి మూర వాళ్ళది కదా. ఆ రెండు మూరల మీద బెత్తెడు పైచిలుకు తేడా. గుండీకి బొడ్డు దగ్గరికొచ్చే బల్ల ఈమెకి తొడల దగ్గరే నిలిచిపోయింది. ఆ బెత్తెడూ ఈమె వంగింది. ఇవాళ కొంచెం, రేపు కొంచెం, ప్రతి దుప్పటికీ అంతే.

నాలుగు నెలల కిందట ఒకరోజు దొంతర ఎత్తుతుంటే నడుంలో ఏదో పుటుక్కుమంది. పిరుదు నుంచి తొడ వెనగ్గా, పిక్క మీదుగా, ఎడమ బొటనవేలి దాకా వేడి తీగ లాగినట్టయింది. నడుంకి స్కానింగు ఫోటోలు తీశారు. వెన్నుపూసల మధ్య ఉండే మెత్తల్లో కిందిదొకటి పక్కకి జారి నరాన్ని ఒత్తుతోందన్నారు. ఆరువారాలు కసరత్తులు చేయమన్నారు. బోర్లా పడుకుని మోచేతుల మీద లేవడం, వెల్లకిలా పడుకుని నడుం ఎత్తడం, రోజూ నడక. ఆమె ఒక్కపూట మానలేదు. కానీ అదేం చోద్యమో, సెలవురోజున నొప్పి తోక ముడుచుకుని పిక్కలోంచి తొడలోకి తగ్గేది. పనిరోజు సాయంత్రానికి బుద్ధిగా బొటనవేలి దాకా వచ్చి కూచునేది.

కసరత్తుల అమ్మాయికి అక్కడే అనుమానం వచ్చింది. కిందటి వారం, గుండీ తోడు వచ్చినరోజు, అడిగింది.

“మీరు నిలబడి పనిచేసే బల్ల ఎంత ఎత్తుంటుందమ్మా? చేత్తో చూపించండి.”

ఆమె గుండీ వైపు ఒకసారి చూసి, అరచెయ్యి పైకెత్తి, తన బొడ్డు దగ్గర పెట్టింది.

“అయితే సరిగ్గానే ఉందే మరి,” అని ఆ అమ్మాయి నుదురు చిట్లించింది. “ఇంకా కింద ఉందేమో అనుకున్నాను. రోజంతా వంగి చేసేవాళ్ళకి నేనెన్ని కసరత్తులు చెప్పినా, పొద్దున తోడింది సాయంత్రం ఒలకబోసుకున్నట్టే. ఆపరేషన్ చేసినా వెన్నుకి చేస్తారు గానీ బల్లకి చెయ్యరు కదా.”

గుండీ ఆ అరచేతిని చూసింది. అది నిలిచిన ఎత్తును చూసింది. ఏమీ అనలేదు. ఆ రోజునుంచి అసలు ఏమీ అనడం మానేసింది.

ఇవాళ్టికి ఎనిమిదో రోజు. దుప్పట్లు వస్తున్నాయి, కొసలు మారుతున్నాయి, గుండీ మాత్రం పెదవి విప్పడం లేదు. నిచ్చెనక్క కొస అందిస్తూ ఆమె ముఖంలోకి చూసింది. తను ఆపరేషన్‌కి పోతే ఆరువారాలు ఇంకెవరితోనో పనిచేయాల్సొస్తుందని కోపమేమో అనుకుంది. అంతకంటే వేరే ఆలోచన రానివ్వలేదు.

“ఏమే, మౌనవ్రతమా?” అంది చివరికి.

గుండీ జవాబు చెప్పకుండా, చిరిగిన దుప్పటి అంచునుంచి ఒక పొడవాటి పేలిక చింపింది.

“చెయ్యి చాపు.”

“ఎందుకే?”

“చాపమంటే చాపాలి. ప్రతిదానికీ ఎందుకే, ఏమిటే.”

తిట్టయినా సరే, మాటంటూ వచ్చింది కదా అని ఆమె చెయ్యి చాపింది. గుండీ పేలిక కొసని మోచేతి దగ్గర నొక్కిపట్టి, నడివేలి కొసదాకా లాగి, అక్కడినుంచి మళ్ళీ ఇంకోసారి కొలిచి ముడి వేసింది. తర్వాత అదే పేలికని తన చేతి మీద రెండుసార్లు కొలుచుకుని ఇంకో ముడి వేసింది. రెండు ముళ్ళనీ కాసేపు చూసింది. పేలిక మడిచి పనికోటు జేబులో పెట్టుకుంది.

“స్వెట్టరు అల్లుతావా ఏంటి నాకు?”

“ఆఁ, నీకు స్వెట్టరు అల్లాలంటే గొర్రెల మందే కావాలి.”

అది పాత గుండీ గొంతు. నిచ్చెనక్క ప్రాణం లేచొచ్చింది. కానీ మాట అక్కడితో ఆగిపోయింది. “నువ్వు కాసేపు దిండుగలీబులు చూడు,” అని చెప్పి గుండీ ఎటో వెళ్ళి అరగంటకి తిరిగొచ్చింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర తలో మాటా అన్నారు. మెషీన్ల దగ్గరావిడ వేన్నీళ్ళ కాపడం అంది. రోలరావిడ మేనత్త ఆడపడుచుకి ఆపరేషన్ చేస్తే మర్నాడే మెట్లెక్కిందట. ఇంకొకావిడ తోడికోడలు ఏమీ చేయించుకోకుండా ఊరుకుంటే నాలుగు నెలలకి నొప్పి దానంతటదే పోయిందట. నడుం నొప్పి వచ్చిందని చెబితే చాలు, లోకంలో ప్రతివాళ్ళూ డాక్టరే. నిజంగా ఒంటిమీద కోత పడ్డవాడు ఒక్క బండాయనే. వార్డులకి బట్టల బండి తోసే మనిషి. అతను మాత్రం నోరెత్తకుండా తింటున్నాడు.

“నువ్వేం చెబుతావన్నా? చేయించుకున్నవాడివి,” అని అడిగింది నిచ్చెనక్క.

“నాకప్పుడు కాలు పడిపోతోందక్కా. పాదం ఎత్తలేక చెప్పు ఈడ్చుకుంటూ నడిచేవాణ్ణి. ఆగితే అవిటివాణ్ణవుతానని చేశారు. కళ్ళు తెరిచేసరికి కాలినొప్పి ఎవరో చేత్తో తీసేసినట్టు పోయింది. దండం పెట్టాను. నడుం మాత్రం ఇప్పటికీ సణుగుతుంది, ముసలత్తగారిలాగా. నాకది కావలసిన ఆపరేషనే. నీకు కావాలో లేదో నాకేం తెలుసు? నా బూటు నీ కాలికి పట్టదుగా.”

గుండీ అతనివైపు చూసింది. అతను గుండీ వైపు చూసి, వెంటనే చూపు డబ్బాలోకి దించుకున్నాడు. నిచ్చెనక్క అది గమనించింది గానీ, అర్థం పట్టించుకోలేదు.

రెండింటికి పైఅంతస్తులో డాక్టరు గది ముందు గోడకి ఆనుకుని నిలబడింది. కుర్చీలున్నాయి, కూచోలేదు. పిలిచాక లోపలికెళ్ళింది. ఆపరేషన్ చేసే డాక్టరు కుర్రవాడే. ఫోటోని వెలుతురుకి పెట్టి పెన్నుతో చూపిస్తూ, తొందరపడకుండా చెప్పాడు.

“ఇదిగోండమ్మా, ఈ ఉబ్బు. ఆపరేషన్ అంటే నరాన్ని ఒత్తుతున్న ఈ ముక్క తీసేస్తాం. కాలినొప్పి చాలామందికి త్వరగా తగ్గుతుంది. నడుంనొప్పి కూడా పోతుందని మాత్రం మాటివ్వలేను. మత్తు, చీము లాంటి ప్రమాదాలు కొద్దిగా ఉంటాయి. కొంతమందికి మళ్ళీ జారొచ్చు. ఇక ఆపరేషన్ లేకుండా అంటారా, కసరత్తులు, నడక, మాత్రలు, అవసరమైతే ఒక ఇంజక్షను. అది నెమ్మది. కానీ చాలామందికి నెలల్లో సర్దుకుంటుంది. ఏడాది రెండేళ్ళ తర్వాత చూస్తే, ఇటు వచ్చినవాళ్ళూ అటు వెళ్ళినవాళ్ళూ చాలావరకు ఒకచోటే ఉంటారు. మీ పాదంలో బలం బాగుంది కాబట్టి కత్తి పట్టుకుని నేను మీ వెంట పడక్కర్లేదు. పాదం వాలిపోయినా, కాళ్ళ మధ్య తిమ్మిరెక్కినా, తెలియకుండానే మూత్రం పోయినా మాత్రం ఆ క్షణమే పరుగెత్తుకు రావాలి.”

“మీ అమ్మగారికైతే ఏం చెబుతారు బాబూ?”

“మా అమ్మ నా మాట ఎప్పుడు విన్నది గనక,” అని నవ్వాడు. “మీరు ఏమనుకుంటున్నారు?”

ఆమె పొద్దున్నుంచీ, నిజానికి వారం నుంచీ, అనుకుంటున్న జవాబు చెప్పింది.

“చేసెయ్యండి.”

“ఎందుకని?”

తొందరగా అయిపోతుంది కదా అంది. లోపలున్న మాట అది కాదు. ఆపరేషన్ అయితే తన ఒక్క ఒంటితో పోతుంది. తనూ, ఆ కత్తీ, ఆ మంచమూ. మధ్యలో ఎవరినీ కదిలించక్కర్లేదు. అదే కసరత్తులతో నెగ్గాలంటే బల్ల లేవాలి. బల్ల లేస్తే గుండీ చేతులు ఛాతీ ఎత్తున పనిచేయాలి, అది రోజుకి వంద దుప్పట్లు కాదు కదా, పదికి కూడా తట్టుకోలేదు. అప్పుడు గుండీని కుట్టుగదికి పంపిస్తారు. ఆవరణకి అవతల ఉన్న గది అది. ఒకే మిషను, ఒకే కుర్చీ. చిరుగులు కుట్టుకుంటూ ఒంటరిగా కూచోవాలి. మనుషుల మధ్య వాగకపోతే అన్నం అరగని గుండీ, గోడలతో ఏం మాట్లాడుతుంది? ఇరవై ఆరేళ్ళు వంగిన నడుం, ఒక్క కోతకి ఓర్చుకోలేదా?

డాక్టరు ఆమె ముఖం చూశాడు. కాగితం రాస్తూ అన్నాడు: “చేస్తాను. కానీ తిరిగివెళ్ళాక పని అదే, వంగడం అదే అయితే, మళ్ళీ రాదని చెప్పలేను. ఇది మీ సూపర్వైజరుతో సంతకం పెట్టించి, ఆరువారాల సెలవు రాయించి, నాలుగింటిలోగా కింద కౌంటర్లో ఇవ్వండి. అంతవరకూ ఆలోచించుకోవచ్చు.”

కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంది. మడత మీద మడత కొసకి కొస కలిసేలా, చేతి అలవాటు అది.

లాండ్రీలో అడుగుపెట్టగానే సుత్తి చప్పుడు. బండాయన నేలమీద బోర్లా పడుకుని బల్ల కింద ఏదో చేస్తున్నాడు. ఆమె వెళ్ళి తన చోట నిలబడింది. దొంతర అందుకోవడానికి, ఎప్పటిలాగే నడుం వంచబోయింది. వంచాల్సిన పని లేకపోయింది. బల్ల తనే పైకొచ్చి ఆమె అరచేతులకి తగిలింది.

నాలుగు కాళ్ళ కిందా నాలుగు కొత్త చెక్క దిమ్మలు. రంపపు పొట్టు ఇంకా అంటుకుని ఉంది.

బండాయన బయటికి పాకి వచ్చి చేతులు దులుపుకున్నాడు. “పొద్దున కొలత పట్టుకెళ్ళి వడ్రంగం షెడ్డులో ఇచ్చొచ్చింది. మొత్తానికి కోత పడిందక్కా. నీ వెన్నుకి కాదు, దుంగకి.”

“గుండీ ఏదీ?”

అతను దిమ్మల వైపు చూస్తూ చెప్పాడు. “కుట్టుగదికి. మొన్ననే రాసిచ్చేసింది. ఇవాళ మధ్యాహ్నం నుంచి అక్కడే. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది.”

కుడివైపు, గుండీ కోటు రాపిడికి ఇరవై ఆరేళ్ళుగా నునుపెక్కిన అంచు, ఇప్పుడు ఎవరికీ తగలని ఎత్తులో ఉంది.

ఆవరణ దాటి ఆమె ఎంత వేగంగా నడిచిందో, ఎడమకాలు ఎంత మొత్తుకుందో లెక్కచేయలేదు. కుట్టుగదిలో గుండీ మిషను ముందు కూచుని ఉంది. కాళ్ళు నేలకి అందక, కింద ఒక చెక్కపెట్టె పెట్టుకుంది. నోటినిండా గుండుసూదులు పట్టుకుని ఉంది. మాట్లాడమన్నా మాట్లాడలేని మనిషిని ఆమె అదే మొదటిసారి చూడడం.

“ఎవర్నడిగి లేపావే బల్ల?”

గుండీ సూదులు ఒక్కొక్కటే తీసి మెత్తకి గుచ్చింది. చివరిది గుచ్చాక తలెత్తింది.

“నువ్వెవర్నడిగి దించావు?”

గుండీ మిషను వదిలి పూర్తిగా ఆమెవైపు తిరిగింది.

“మూర నాది, నొప్పి నీదీనా? కడుపులో పెట్టుకుని తిరిగావు, ఇన్నేళ్ళు. ఆ పిల్ల అడిగితే కూడా, ఇంత ఎత్తుందని చెయ్యి చూపించావే! నీ చెయ్యి అబద్ధమాడ్డం నేనెప్పుడూ చూళ్ళేదక్కా.”

“చెబితే నువ్వు చిన్నబోతావని…”

“నేనెలాగూ చిన్నదాన్నే. ఇంకా బోవడానికేముంది చెప్పు?”

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. నవ్వితే నడుం పట్టేసి ఆమె తలుపు పట్టుకుంది. గుండీ లేవబోయి, ఒడిలో ఉన్న చిరిగిన దుప్పటి కాళ్ళకి చుట్టుకోవడంతో మళ్ళీ కూచుంది.

“ఇక్కడ నీతో మాట్లాడేదెవరే?”

“మిషనుందిగా. ఒకసారి తొక్కి చూడు, నాకంటే ఎక్కువ వాగుతుంది.” గుండీ చక్రం మీద చెయ్యివేసి ఊరికే తిప్పింది. “రేపట్నుంచి నీకు రోలరు దగ్గరున్న ఆ పొడుగుపిల్ల వస్తుంది. నేనే ఏరాను. ఎక్కువ మాట్లాడదు. అదొక్కటే లోపం. మెల్లగా నేర్పుకో.”

గుండీ మళ్ళీ సూదులు నోట్లో పెట్టుకుంది. మాట్లాడకుండా ఉండడానికే పెట్టుకుందని నిచ్చెనక్కకు తెలుసు. తలుపు దగ్గర ఒక క్షణం నిలబడి, వచ్చేసింది.

నాలుగింటికి అయిదు నిమిషాలుందనగా కౌంటరు దగ్గర కాగితం ఇచ్చింది. సంతకం లేని కాగితం.

“నాకిచ్చిన ఆపరేషన్ తేదీ ఇంకొకరికి ఇచ్చెయ్యండి. మూడు నెలలు చూస్తాను. కాలు వాలితే మాత్రం అర్ధరాత్రయినా వచ్చి మీ తలుపు కొడతాను.”

“బాగా ఆలోచించుకునే చెబుతున్నారా?” అంది కౌంటరమ్మాయి.

“నేనేం ఆలోచించానమ్మా. నాకోసం ఇంకొకావిడ ఆలోచించింది.”

పని ఇంకా గంటన్నర ఉంది. ఆఖరి వాయి దుప్పట్లు వేడిగా వచ్చిపడ్డాయి. బండాయన, “ఇవాళ్టికి నేనున్నా, కొస ఇటు విసురు,” అని ఎదురుగా నిలబడ్డాడు. అతని అడుగులు కలవలేదు. నాలుగడుగులనుకుంటే మూడే వేశాడు, జాడిస్తే దుప్పటి మధ్యలో సంచిలా జారింది. ఆమె తిట్టలేదు. మళ్ళీ పట్టించింది. నొప్పి పోలేదు. ఒక్కపూటలో పోవడానికి అదేమన్నా పిలవని చుట్టమా? బొటనవేలి దాకా వచ్చే తీగ ఇవాళ పిక్క దగ్గర ఆగినట్టనిపించింది. నిజమో, అనిపించడమో, రేపు చూడాలి. ఎల్లుండి చూడాలి. నిటారుగా నిలబడి మడతలు వేస్తుంటే ఎదురుగోడ కిటికీలోంచి ఆవరణా, అవతల కుట్టుగది రేకుల కప్పూ కనిపించాయి. ఆ కిటికీలోంచి బయటికి ఏం కనిపిస్తుందో ఆమెకు ఇన్నేళ్ళూ తెలియదు.

దీపాలు ఆర్పేముందు బల్లమీది గుడ్డ సర్దుతుంటే చేతికి ఏదో తగిలింది. కుడివైపు, గుండీ నిలబడే చోట, బల్ల అంచు మేకుకి పొద్దున చింపిన పేలిక వేలాడుతోంది, కొస నేలని తాకుతూ. పై ముడి సరిగ్గా బల్ల అంచుకి ఆనుకుని ఉంది. దానికి బెత్తెడు పైచిలుకు కింద, రెండో ముడి, ఏ బల్లకీ తగలకుండా, గాలికి మెల్లగా తిరుగుతోంది.